చిరగాల్సిన చోట చిరిగే ప్యాంటు

(ఆరుబయట పనులు, చెట్లు కొట్టే పనులు చేసేవారి శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి. ఈ టేబుల్ మీద చాలా ప్యాంట్లు ఉన్నాయి, ఒక్కొక్కటీ పట్టుకుని చూపించాలి. వాసన వస్తే ఏమనుకోకండి. ఉతికే తెచ్చాను గానీ రంపం చైన్‌కి వేసే ఆయిల్ వాసన ఒక పట్టాన పోదు.

నేను పని బట్టలు బాగుచేసే మనిషిని. చెట్లు కొట్టేవాళ్ళు, కంచెలు వేసేవాళ్ళు, తోటపనివాళ్ళు, రోడ్డుపనివాళ్ళు చింపుకొచ్చినవి కుడతాను, మాసికలు వేస్తాను. అందుకని కొత్త ప్యాంట్ల గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. చిరిగిన ప్యాంట్ల గురించి మాత్రం నన్ను అడగండి.

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ఈ పనిలోకి వచ్చిన కొత్త. ఒకాయన చైన్ సా, అదే ఇంజన్‌తో చైన్ తిరిగే రంపం, పట్టేటప్పుడు వేసుకునే ప్యాంటు తెచ్చాడు. తొడ ముందు భాగంలో జానెడు చిరుగు. ముళ్ళకంపకు పట్టుకుని చిరిగిందట. చేతికి బరువుగా ఉంది, లోపల పరుపులాగా మెత్తగా ఉంది. నేను దాన్ని పెద్ద మిషను మీద పెట్టి, పైగుడ్డ, లోపలి మెత్త అన్నీ కలిపి మూడు వరసలు బిగించి కుట్టాను. లాగి చూస్తే ఇసుమంత కదల్లేదు. నా పనికి నాకే ముచ్చటేసింది. ఆయన వచ్చి చూశాడు. తిట్టలేదు. నా కత్తెరే తీసుకుని ఆ కాలుని తొడ దగ్గర అడ్డంగా కోసేశాడు. లోపలి పోగులు బయటికి లాగి నా చేతిలో పెట్టి, "వీటిని కట్టిపడేశావు. ఇవి కదలాలి" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. అప్పటిదాకా గట్టి ప్యాంటంటే చిరగని ప్యాంటు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ప్యాంటులో కొన్ని చోట్లు ఏం జరిగినా చిరగకూడదు, కొన్ని చోట్లు చిరిగి తీరాలి.

చిరగకూడని చోటు అనగానే చెప్పాల్సిన కథ ఒకటుంది. మీరందరూ వేసుకునే జీన్స్ జేబు మూలల్లో రాగి రివిట్లు ఉంటాయి కదా. అవి ఒక కట్టెలు కొట్టే మనిషి వల్ల పుట్టాయి. అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని రీనోలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. గుడారాలు, గుర్రాల మీద కప్పే దుప్పట్లు కుట్టేవాడు. 1870ల మొదట్లో ఒకామె ఆయన దగ్గరికి వచ్చి, కట్టెలు కొట్టే తన భర్తకు ప్యాంట్లు నిలవడం లేదని, తొందరగా పిగిలిపోనిది ఒకటి కుట్టిపెట్టమని అడిగింది. డేవిస్ తెల్లని డక్ కాన్వాస్‌తో కుట్టాడు. గుర్రపు దుప్పట్ల పట్టీలకు కొట్టే రాగి రివిట్లు పక్కనే ఉన్నాయి. వాటినే తీసి జేబు మూలల్లో కొట్టాడు. ఆ ప్యాంటు పేరు ఊరంతా పాకింది. పేటెంటుకు డబ్బు సరిపోక, తనకు గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌ను భాగస్వామిగా కలుపుకున్నాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది.

ఇందులో నాకు నచ్చేది రివిట్ కాదు. ఆయన మరీ మందం గుడ్డ వెతుక్కుంటూ పోలేదు. ఎక్కడ పిగులుతోందో చూశాడు, అక్కడే బిగించాడు. మీరు కొత్త ప్యాంటు కొనడానికి వెళ్ళేముందు చేయాల్సిందీ అదే. పాత ప్యాంటు పారేయకండి. నేల మీద పరిచి చూడండి. మోకాళ్ళ దగ్గర పోయిందా, తొడల మధ్య పోయిందా, కూర్చునే చోటా, జేబు మూలా, కింది అంచా? మీ పని ఏమిటో ఆ చిరుగే చెబుతుంది.

ఇదిగో, ఇది తోటపని చేసే ఒకామెది. కుడి మోకాలు మాత్రమే పోయింది, ఎడమది కొత్తదానిలా ఉంది. ఎప్పుడూ ఒకే మోకాలి మీద కూర్చుంటుంది. ఇది కంచెలు వేసే మనిషిది. కుడి జేబు కింద చిన్న చిల్లు, లోపలి నుంచి పడింది. ఏముంటుందక్కడ? టేపు! (నవ్వులు) ఇక ఇది చెట్లు కొట్టే మనిషిది. మోకాలు బాగుంది, జేబు బాగుంది, గజ్జల దగ్గర మాత్రం ఒక పెద్ద కిటికీ. (నవ్వులు)

నా దగ్గరికి వచ్చేవాటిలో ఈ కిటికీలే ఎక్కువ. గుడ్డ తప్పు కాదది, కోత తప్పు. పడిపోయిన దుంగను దాటడానికి కాలు నడుము ఎత్తుకి లేపుతారు. మామూలు ప్యాంటులో నాలుగు కుట్లు గజ్జల మధ్య ఒకే చోట కలుస్తాయి. కాలు లేపిన ప్రతిసారీ లాగుడంతా ఆ ఒక్క పాయింటు మీద పడుతుంది. అందుకే మంచి పని ప్యాంట్లలో అక్కడ అదనంగా ఒక పలక ముక్క పెడతారు. గస్సెట్ అంటారు. అది ఉంటే నాలుగు కుట్లూ ఒకచోట కలవవు, లాగుడు నాలుగు వైపులకీ పంచుకుపోతుంది. కొనేటప్పుడు తిప్పి చూడండి. అమ్మేవాళ్ళు జేబులు ఎన్ని ఉన్నాయో చెబుతారు గానీ దీని సంగతి ఎత్తరు.

వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. గొంతుకు కూర్చోండి. ఒక కాలు కుర్చీ మీద పెట్టి పైకెక్కండి. మోకాలు నడుము దాకా లేపండి. వెనక నడుం పట్టీ జారి చర్మం బయటపడుతోందా? మోకాలి దగ్గర గుడ్డ పట్టేస్తోందా? అయితే నడుం కొలత సరిపోయినా ఆ ప్యాంటు మీది కాదు. లోపల ఇంకో పొర వేసుకునే చలికాలపు పనైతే ఆ పొరతోనే వేసి చూడాలి. పని చేసేటప్పుడు బిగుతు ప్యాంటు ఎంత మందంగా ఉన్నా పిగులుతుంది, వదులు ప్యాంటు పలచనైనా నిలుస్తుంది. మరీ వదులైతే కొమ్మలకి తగులుకుంటుందనుకోండి, అది వేరే బాధ.

ఇప్పుడు గుడ్డ. డక్ కాన్వాస్, డెనిమ్, ఈ రెండూ ఎక్కువ దొరుకుతాయి. డక్ అంటే బాతు కాదు. కాన్వాస్ గుడ్డను డచ్చి భాషలో 'డూక్' అంటారు, ఆ మాటే ఇలా మారింది. ఇది సాదా నేత. పడుగు పోగులు జంటగా పోతాయి, పేక ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి గట్టిగా దూరుతుంది. అందుకే ముళ్ళు తొందరగా దిగవు, రాపిడికి ఆగుతుంది. కానీ మొండి గుడ్డ. కొత్తలో అట్టముక్క వేసుకున్నట్టుంటుంది. మడతపడిన చోట మాత్రం తొందరగా అరుగుతుంది. డెనిమ్ ఏటవాలు నేత. పోగులకు కాస్త జరిగే చోటుంటుంది కాబట్టి చిరుగు మొదలైనా అక్కడి పోగులు ఒకదగ్గరికి చేరి దాన్ని ఆపడానికి చూస్తాయి. ఒంటికి హాయిగా ఉంటుంది. ముళ్ళపొదల్లో పనైతే డక్, ఎక్కుతూ దిగుతూ వంగుతూ ఉండే పనైతే డెనిమ్. నా లెక్క ఇంతే.

గుడ్డ బరువు ఔన్సుల్లో రాస్తారు. ఒక చదరపు గజం గుడ్డ ఎన్ని ఔన్సులు తూగుతుందో ఆ అంకె. ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకు సుమారు 34 గ్రాములు. 12 ఔన్సుల గుడ్డంటే చదరపు మీటరు 400 గ్రాముల పైచిలుకు. ఎండాకాలంలో 8, 9 ఔన్సులు దాటితే ఉడికిపోతారు. 12 ఎక్కువ పనులకు సరిపోతుంది. 15 అంటే చలిలో వేసుకునేది. పెద్ద అంకె చూడగానే గట్టిదనుకోకండి. మందం గుడ్డలో మనిషి తొందరగా అలసిపోతాడు, అలసిన మనిషి అడుగు తడబడుతుంది. నేను దర్జీనే గానీ అంతమాత్రం తెలుసు.

మోకాళ్ళ దగ్గర రెండో పొర ఉంటే మంచిదే. కాకపోతే దాని కింది అంచు చూడండి. చుట్టూ మూసి కుడితే రంపపు పొట్టు, ముళ్ళు, ఇసుక లోపల చేరి అక్కడే ఉండిపోతాయి. పొట్టుకు దారి ఉండాలి. అంచు కొంచెం తెరిచి ఉంచితే ప్యాంటు దులిపినప్పుడు రాలిపోతాయి, కావాలంటే మోకాలి మెత్త కూడా దూర్చుకోవచ్చు. చేతికి దొరికితే ఆ పొర కిందికి ఒక వేలు పెట్టి చూడండి.

కుట్లు వేలితో తడిమితే తెలుస్తాయి. కాలి పక్క కుట్టు మడతపెట్టి రెండు మూడు వరసలు కుట్టి ఉండాలి, ఒక వరస తెగినా మిగతావి పట్టుకుంటాయి. జేబు మూలలకు, జిప్పు కిందికి దగ్గరదగ్గరగా వేసిన చిన్న అడ్డకుట్టు ఉంటుంది. అది లేని చోట రివిట్ అయినా ఉండాలి. దారం పాలియెస్టర్‌దైతే మేలు. నూలు దారం చెమటకి, తడికి గుడ్డకన్నా ముందే పోతుంది. గుడ్డ బాగుండి కుట్టు విడిపోయి వచ్చిన ప్యాంట్లు నాకు ఇష్టం, పది నిమిషాల పని.

నైలాన్ కలిసిన గుడ్డల గురించి అడుగుతారని తెలుసు. కార్డ్యూరా లాంటివి. రాపిడికి వాటిని మించినవి తక్కువ, తొందరగా ఆరతాయి కూడా. వాటి మీద 500 డెనియర్, 1000 డెనియర్ అని రాసి ఉంటుంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, వేడికి నైలాన్ కరుగుతుంది. దాదాపు 260 డిగ్రీలకు ముద్దవుతుంది. నూలు కాలుతుంది గానీ కరిగి ఒంటికి అంటుకోదు. వెల్డింగు నిప్పురవ్వల దగ్గర పనిచేసేవాళ్ళు నైలాన్ జోలికి పోవద్దు. చైన్ సా వాళ్ళకూ ఒక మాట. రంపం నడిపి ఆపిన వెంటనే సైలెన్సర్ తొడకి ఆనిస్తారు చూడండి... ఇదిగో, ఈ ప్యాంటు మీద గుండ్రంగా నల్లగా మెరుస్తోందే, అదే.

తడి సంగతి తొందరగా చెప్పి వదిలేస్తాను. నూలు నీళ్ళు పీల్చి ఆరదు, చలిలో అది ప్రమాదం. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమ పట్టుకున్నా తడిగా అనిపించదు. మైనం పట్టించిన కాన్వాస్ మీద వాన జారిపోతుంది, కానీ గాలాడదు, మిషనులో ఉతక్కూడదు, వాహనం సీటు మీద మరకలు పడితే ఇంట్లోవాళ్ళ మాటలు పడాలి.

చిరగాల్సిన చోటు దగ్గరికి వద్దాం. పెద్ద అడవుల్లో చెట్లు కొట్టిన పాతతరం వాళ్ళ ఫొటోలు మీరు చూసే ఉంటారు. ప్యాంటు కింది అంచు బూటు పైదాకా కత్తెరతో కోసేసి ఉంటుంది. మడత ఉండదు, కుట్టు ఉండదు, పోగులు వేలాడుతుంటాయి. చూస్తే బీదగా కనబడుతుంది. అది తెలివి. మడిచి కుట్టిన అంచులో మూడు పొరల గుడ్డ ఉంటుంది. విరిగిన కొమ్మ మొన దాంట్లో దూరితే చిరగదు. చిరగకపోతే ఏమవుతుంది? మనిషి పడతాడు. చెట్టు కూలుతున్నప్పుడు పక్కకి పరుగెత్తాల్సిన మనిషి కాలు అక్కడ ఇరుక్కుంటే ఇంకేమైనా ఉందా! కోసిన అంచైతే చర్రున చీలి వదిలేస్తుంది. ప్యాంటు పోతే పోయింది.

పక్కన సుత్తి తగిలించుకునే గుడ్డ ఉంగరం ఉంటుంది చూడండి. వడ్రంగికి అది కావాలి. అడవిలో అది కొమ్మకు దొరికే కొక్కెం. కోసేయండి. తొడ పక్కన ఉబ్బుగా ఉండే పెద్ద జేబులు కూడా నాకు అంతే. బెల్టు బదులు భుజాల పట్టీలు ఎందుకంటే, బరువు ప్యాంటు బెల్టుతో నిలవాలంటే బాగా బిగించాలి, వంగినప్పుడు పొట్ట నొక్కుకుంటుంది. పట్టీలైతే నడుము వదులుగా ఉన్నా జారదు. గుండీలతో పెట్టుకునే పట్టీలు కొనండి. క్లిప్పులవి పొదల్లో ఊడిపోతాయి.

ఇక ఆ పెద్దాయన నా చేతిలో పెట్టిన పోగులు.

చైన్ సా రక్షణ ప్యాంటులో పైగుడ్డ కింద పొరలు పొరలుగా పొడవాటి పోగులు ఉంటాయి. పాలియెస్టరో, కెవ్లార్ లాంటి అరమిడ్ అనే గట్టి కృత్రిమ పోగో, ఇంకో రకమో. అవి చైన్‌ను అడ్డుకునే కవచమని నేను అనుకునేవాణ్ణి. అడ్డుకోలేవండీ. చైన్ పళ్ళు పైగుడ్డని కోస్తాయి, కోసి ఈ పోగుల్ని పట్టుకుని లాగుతాయి. పోగులు వదులుగా ఉన్నాయి కాబట్టి బారెడు బారెడు బయటికొచ్చి చైన్‌తో పాటే పోయి, రంపం లోపల చైన్‌ను తిప్పే పళ్ళ చక్రానికి చుట్టుకుంటాయి. చక్రం ఇరుక్కుంటుంది, చైన్ ఆగుతుంది. రెప్పపాటులో అయిపోతుంది ఇదంతా. అంటే ఆ ప్యాంటు చిరిగి, పీచుపీచుగా విడిపోయి మిమ్మల్ని కాపాడుతుంది. నేను దాన్ని మూడు వరసలు బిగించి కుట్టాను. పోగులు రావు, చైన్ ఆగదు. తిన్నగా కాల్లోకి దిగుతుంది.

ఈ ప్యాంట్లకు ఐఎస్‌ఓ 11393 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అంతకుముందు యూరప్‌లో ఈఎన్ 381 ఉండేది. లోపల చీటీ మీద రంపం బొమ్మ, తరగతి అంకె ఉంటాయి. 1వ తరగతి అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌తో పరీక్షించారని. 2వ తరగతి 24, 3వ తరగతి 28 మీటర్లు. 28 మీటర్లంటే గంటకు సుమారు 100 కిలోమీటర్లు. పెద్ద రంపాలు పూర్తి రేజులో 20 దాటి తిరుగుతాయి, కాబట్టి తరగతి చూసి ధైర్యం తెచ్చుకోకండి. పరీక్ష గదిలో ఒక కోణంలో జరిగిందది, మీ కాలి మీద ఎలా పడుతుందో ఎవరూ చెప్పలేరు. చీటీ మీద అక్షరం కూడా చూడండి. ఏ అంటే ముందువైపు రక్షణ, సీ అంటే చుట్టూరా. రోజూ నేల మీద నిలబడి చెట్లు కొట్టేవాళ్ళకు ఏ చాలు. చెట్టెక్కి కోసేవాళ్ళకు, రంపం పట్టడం కొత్తవాళ్ళకు సీ మంచిది. ఉక్కపోత మాత్రం భరించాలి.

అంచు కోసేయమని ఇందాక చెప్పాను కదా, దీనికి అది వర్తించదు. రక్షణ ప్యాంటు కాలు బూటు మీదికి రావాలి. పొడవెక్కువైతే సరైన సైజు కొనుక్కోండి, మా దగ్గరికి తేకండి. పైగుడ్డ మాత్రమే చిరిగితే, పోగులకి సూది తగలకుండా, తయారుచేసినవాళ్ళు చెప్పిన అతుకు వేయొచ్చు. చైన్ ఒక్కసారి తగిలి పోగులు బయటికొస్తే ఆ ప్యాంటు పని అయిపోయినట్టే. బ్లీచు వేయకండి, అరమిడ్ పోగు దెబ్బతింటుంది. మెత్తదనం కోసం వేసే కండిషనర్లూ వద్దు. అలాగని ఉతక్కుండా వదిలేయకండి. ఆయిల్, బంక పట్టి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతే నేను కుట్టినట్టే లెక్క.

మామూలు పని ప్యాంటు కూడా అంతే. ఉతికితే గుడ్డ అరుగుతుందని నెలల తరబడి వేసుకునేవాళ్ళు ఉన్నారు. పోగుల మధ్య ఇసుక చేరాక, మీరు నడిచిన ప్రతి అడుగుకీ అది లోపలినుంచి శాండ్‌పేపర్‌లా రాస్తుంది. తిరగేసి, చల్లని నీళ్ళతో ఉతకండి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా?

(సభలో ఒకరు: ప్యాంటు మీద తొడుక్కునే చాప్స్ ఉన్నాయి కదండీ, అవి సరిపోవా?)

అప్పుడప్పుడు రంపం పట్టేవాళ్ళకు సరిపోతాయి. పని కాగానే విప్పేయొచ్చు. రోజంతా పొదల్లో తిరిగేవాళ్ళకు పట్టీలు తగులుకుంటాయి, పక్కకి తిరిగిపోతాయి. పట్టీలు వదిలేసి వేలాడేసుకుని తిరగడం మాత్రం వద్దు తమ్ముడూ. ఎవరని నేను అనడం లేదు. (నవ్వులు)

(మరొకరు: ఇది ఇక పనికిరాదని ఎలా తెలుస్తుంది?)

మామూలు ప్యాంటైతే కూర్చునే భాగం వెలుతురుకి ఎదురుగా పట్టండి. గుడ్డలోంచి కిటికీ చువ్వలు లెక్కపెట్టగలిగితే దాని మీద మాసిక నిలవదు. కుట్టు పట్టుకోవడానికి చుట్టూ బలమైన గుడ్డ ఉండాలి కదా. అప్పుడు కాళ్ళ కింది భాగం కోసి దాచండి, ఇంకో ప్యాంటు మోకాలికి మాసికవుతుంది. రక్షణ ప్యాంటైతే మాత్రం ముక్కలు కూడా వాడొద్దు.

సరే. కత్తెర ఇక్కడే టేబుల్ మీద ఉంది. సుత్తి ఉంగరాలు తీయించుకునేవాళ్ళు వరసలో రండి, ఒక్క నిమిషం పని.